క్రూజ్ సెలవుల్లో స్కూబా రిఫ్రెషర్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను 2016లో అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి స్కూబా కోర్సు చేశాను. అప్పటికింకా ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అనే పేరు రాలేదు. తర్వాత డల్లాస్ రావడం, ఉద్యోగం, పెళ్లి, పాప. చూస్తుండగానే ఏడేళ్లు గడిచిపోయాయి. ఆ ఏడేళ్లలో ఒక్కసారి కూడా ట్యాంక్ వీపుకెత్తుకోలేదు. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికోలోని కొజుమెల్ దీవికి వెళ్లే క్రూజ్ బుక్ చేశాక లాగ్‌బుక్ (చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకం) తీసి చూసుకుంటే, అందులో రాసినవి ఎవరో వేరే మనిషి చేసినట్టు అనిపించాయి. అప్పుడు రిఫ్రెషర్ చేశాను. ఇప్పుడు క్రూజ్‌కి వెళ్లే స్నేహితులు, చుట్టాలు అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

రిఫ్రెషర్ అంటే కోర్సంతా మళ్లీ చేయాలా?

అక్కర్లేదు. ఓపెన్ వాటర్ సర్టిఫికేషన్‌కి గడువు ఉండదు. ఒకసారి వచ్చిందంటే ఉన్నట్టే. మర్చిపోయినవి గుర్తు చేసుకోవడానికి పెట్టిందే రిఫ్రెషర్. డైవింగ్ కోర్సులు నడిపే పాడి (PADI) సంస్థ దీన్ని రీయాక్టివేట్ అంటుంది, అలాంటిదే ఇంకో సంస్థ ఎస్ఎస్ఐ (SSI) వాళ్లు స్కూబా స్కిల్స్ అప్‌డేట్ అంటారు. రెండింట్లోనూ కాస్త థియరీ, ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా నీళ్లలో సాధన ఉంటాయి. థియరీ ఇంట్లో కూర్చుని ముగించుకోవచ్చు. నీళ్లలో పని ఒక పూటలో అయిపోతుంది.

మేం గోవాలో (లేదా అండమాన్‌లో) ఒకసారి స్కూబా చేశాం. మాకూ రిఫ్రెషర్ సరిపోతుందా?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మీరు వెళ్లినప్పుడు ఇన్‌స్ట్రక్టర్ వెనకాల నుంచి మీ ట్యాంక్ పట్టుకుని తిప్పి, ఫొటోలు, వీడియో తీసి ఇచ్చారా? అయితే అది ట్రై డైవ్. దానికి సర్టిఫికెట్ అని ఏదో కాగితం ఇచ్చినా అది డైవర్ కార్డు కాదు. ఓపెన్ వాటర్ అంటే మూడు నాలుగు రోజుల కోర్సు, పరీక్ష, సముద్రంలో నాలుగు డైవ్‌లు. అవి చేయనివాళ్లకి రిఫ్రెషర్ వర్తించదు. క్రూజ్ ఆగే రేవుల్లో మీలాంటివాళ్ల కోసం డిస్కవర్ స్కూబా పేరుతో వేరే కార్యక్రమం ఉంటుంది, అది తీసుకోండి. బుకింగ్ ఫారంలో "సర్టిఫైడ్" దగ్గర మాత్రం టిక్ పెట్టొద్దు. కార్డు ఉందనుకుంటే గైడ్ మిమ్మల్ని మీ మానాన వదిలి ముందుకెళ్లిపోతాడు.

ఎంత గ్యాప్ వస్తే రిఫ్రెషర్ చేయాలి?

ఆరు నెలలు దాటితే ఆలోచించమంటారు. ఏడాది దాటితే చాలా డైవ్ షాపులు వాళ్లే అడుగుతాయి. నా మటుకు నేను నెలల కంటే లాగ్‌బుక్‌లో ఎన్ని డైవ్‌లు ఉన్నాయన్నది ముందు చూస్తాను. రెండు వందల డైవ్‌లు చేసి ఏడాది ఆగిన మనిషికి చేతులు వాటంతటవే పనిచేస్తాయి. కోర్సులో చేసిన నాలుగే డైవ్‌లు ఉన్నవాళ్లకి ఆరు నెలలైనా చాలా ఎక్కువ.

చివరి డైవ్ ఎప్పుడు అని ఫారంలో అడిగితే నిజమే రాయండి. "పోయినేడాది" అని రాసేస్తే రిఫ్రెషర్ డబ్బులు మిగులుతాయని కొందరు సలహా ఇస్తారు. మీ జవాబు చూసే మిమ్మల్ని ఏ గుంపులో వేయాలో, ఎంత లోతుకి తీసుకెళ్లాలో నిర్ణయిస్తారు.

ఓడలోనే చేయొచ్చా, రేవులో దిగి చేయాలా, ఇంటి దగ్గరే చేసుకుని వెళ్లాలా?

మూడూ కుదురుతాయి. నా ఓటు ఇంటి దగ్గర చేసుకోవడానికే.

ఓడ సంగతి ముందు చెప్తాను. చాలా ఓడల్లో ఈత కొలను నడుము లోతు, మహా అయితే ఛాతీ లోతు ఉంటుంది. స్కూబా సాధనకి పనికొచ్చే లోతు ఉన్నది రాయల్ కరీబియన్ వారి ఒయాసిస్ తరగతి ఓడల్లో నీటి ప్రదర్శనలు జరిగే ఆక్వా థియేటర్ కొలను. ఒయాసిస్ ఆఫ్ ది సీస్ 2009లో వచ్చినప్పుడు ఆ కొలను లోతు దాదాపు 18 అడుగులని పెద్ద వార్త. అక్కడ స్కూబా తరగతులూ నడిపారు. 2022 నవంబర్‌లో గాల్వెస్టన్‌లో కొత్త టెర్మినల్ తెరిచాక ఈ తరగతి ఓడలు టెక్సాస్‌కీ వస్తున్నాయి. అయితే మీరెక్కే ఓడలో, మీరు వెళ్లే వారంలో స్కూబా తరగతి ఉంటుందో లేదో బుకింగ్‌కి ముందే షోర్ ఎక్స్‌కర్షన్ (రేవుల్లో విహారాలు చూసే) విభాగాన్ని అడగాలి. ఓడెక్కాక అడిగితే ఇన్‌స్ట్రక్టర్ లేడనో, షో రిహార్సల్ ఉందనో తెలుస్తుంది, అప్పుడు చేయగలిగింది ఉండదు. తరగతి ఉంటే మాత్రం సీ డే, అంటే రేవు లేని రోజు, దానికి బాగుంటుంది. గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల ట్రిప్‌లో మొదటి రేవు వచ్చేలోపు సాధారణంగా రెండు సీ డేలు వస్తాయి.

రేవులో దిగి చేసేదాంట్లో ఇబ్బంది సమయం. మీకు ఒడ్డున దొరికేది ఆరేడు గంటలు. పొద్దున రిఫ్రెషర్, మధ్యాహ్నం డైవ్ అంటే హడావుడి. రిఫ్రెషర్‌లో ఏదైనా కుదరక ఇంకో అరగంట కావాలన్నా ఉండదు. ఆ టెన్షన్ నీళ్లలోకి దిగాక ఊపిరిలో కనిపిస్తుంది.

ఇంటి దగ్గరైతే ప్రయాణానికి మూడు నాలుగు వారాల ముందు ఏదో ఒక శనివారం డైవ్ షాపు కొలనులో ముగించుకోవచ్చు. సముద్రం లేని డల్లాస్‌లో కూడా ఇలాంటి షాపులున్నాయి. తడబడితే ఇంకో శనివారం ఉంటుంది. ఓడ ఎక్కేటప్పటికి మనసు నిమ్మళంగా ఉంటుంది.

కొలనులో అసలు ఏం చేయిస్తారు?

సామాను బిగించడంతో మొదలు. ట్యాంక్‌కి బీసీడీ (తేలడానికి గాలి నింపే జాకెట్) కట్టడం, రెగ్యులేటర్ (ట్యాంక్ గాలిని నోటికి అందించేది) తగిలించడం, గాలి తెరిచి గేజ్ చూడడం. ట్యాంక్ నిండుగా ఉంటే ఒత్తిడి సుమారు 200 బార్, అమెరికా కొలతలో అయితే 3000 పీఎస్ఐ చూపిస్తుంది. తర్వాత ఒకరి సామాను ఒకరు సరిచూడడం. నీళ్లలోకి దిగాక రెగ్యులేటర్ నోట్లోంచి తీసి మళ్లీ పెట్టుకోవడం, పక్కవాళ్ల దగ్గరున్న అదనపు రెగ్యులేటర్‌తో గాలి పీల్చడం, కదలకుండా ఒకే ఎత్తులో తేలడం. సైగలు కూడా. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోండి: బయట మనం "సూపర్" అని చూపించే బొటనవేలికి నీళ్ల కింద అర్థం "పైకి వెళ్దాం". బాగున్నానని చెప్పాలంటే చూపుడు వేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి.

ఇవన్నీ పది నిమిషాల్లో గుర్తొస్తాయి. గుర్తు రానిది మాస్క్. మాస్క్‌లోకి నీళ్లు నింపి ఖాళీ చేయడం, పూర్తిగా తీసేసి మళ్లీ పెట్టుకోవడం.

నాకు జరిగింది చెప్తాను. ఆరడుగుల లోతులో మోకాళ్ల మీద కూర్చున్నాను. మాస్క్ తీశాను. ముక్కు మీద చల్లటి నీళ్లు తగలగానే గొంతు దానంతటదే మూసుకుపోయింది. నోట్లో రెగ్యులేటర్ ఉంది, అందులో గాలి ఉంది, అయినా పీల్చలేకపోయాను. కాళ్లు నేలకి తన్ని పైకి లేచేశాను. కొలను కాబట్టి ఏమీ కాలేదు. అదే సముద్రంలో పది మీటర్ల కింద అలా ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పది మీటర్ల దగ్గర ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ ఒక లీటరు గాలి పైకొచ్చేసరికి రెండు లీటర్లవుతుంది. దానికి బయటికి దారి ఇవ్వాలి. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదని కోర్సు మొదటి రోజే చెప్పేది ఇందుకే.

ఇన్‌స్ట్రక్టర్ కోప్పడలేదు. కొలను అంచున కూర్చోబెట్టి, మాస్క్ లేకుండా రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని ముఖం నీళ్లలో పెట్టమన్నారు. ఒక నిమిషం. తర్వాత రెండు నిమిషాలు. ముక్కులో నీళ్లున్నా నోటితో పీల్చుకోవచ్చని ఒంటికి అర్థమయ్యేదాకా అదే పని. నాలుగోసారికి గొంతు వదులైంది. ఆ తర్వాత మాస్క్ ఖాళీ చేయడం తేలికైపోయింది: పై అంచుని నుదుటికి ఆనించి పట్టుకుని, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో మెల్లగా గాలి వదలాలి. నీళ్లు కింది అంచు నుంచి వెళ్లిపోతాయి.

మీరు ఇది ఇంట్లోనే సాధన చేయొచ్చు. పెద్ద బకెట్‌లో నీళ్లు పోసి, స్నార్కెల్ నోట్లో పెట్టుకుని, మాస్క్ లేకుండా ముఖం ముంచండి. పక్కన ఒకరిని ఉంచుకోండి. రోజూ ఐదు నిమిషాల చొప్పున వారం చేస్తే రిఫ్రెషర్ సగం అయినట్టే.

లాగ్‌బుక్‌లో రాసిన బరువే పెట్టుకోవచ్చా?

ముందు అది కేజీలో, పౌండ్లో చూడండి. అండమాన్‌లో బరువులు కేజీల్లో ఇస్తారు, అమెరికాలోనూ కరీబియన్ పడవల మీదా ఎక్కువగా పౌండ్లు. ఆరు కేజీలంటే దాదాపు 13 పౌండ్లు. ఇక ఏడేళ్లలో మన ఒళ్లు కూడా మారి ఉంటుంది. అండమాన్‌లో వేసుకున్న వెట్‌సూట్ మందం వేరు, ఇక్కడిది వేరు.

ఇంకొకటి, కొలనులో సరిపోయిన బరువు సముద్రంలో సరిపోదు. ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే రెండున్నర శాతం బరువెక్కువ, కాబట్టి మనల్ని ఎక్కువ తేలుస్తాయి. సామానుతో కలిపి వంద కేజీలున్న మనిషికి సముద్రంలో రెండున్నర కేజీలు అదనంగా కావాలి.

సరిచూసుకునే పద్ధతి పాతదే, దాన్ని మించింది నాకు కనబడలేదు. నీళ్ల మీద బీసీడీలో గాలంతా వదిలేయండి. మామూలుగా ఊపిరి పీల్చి ఉంచితే నీళ్లు కళ్ల దగ్గర నిలవాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఇది నిండు ట్యాంక్‌తో చేస్తే ఇంకో రెండు కేజీలు కలపండి. ట్యాంక్‌లో గాలికీ బరువుంటుంది మరి, మామూలు అల్యూమినియం ట్యాంక్‌లో రెండున్నర కేజీల పైనే. డైవ్ చివరికి అందులో చాలా వరకు ఖర్చయిపోయి, సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చేముందు కాసేపు ఆగే లోతు) దగ్గర మనిషి పైకి తేలిపోతుంటాడు.

నా మొదటి పడవ మీద హడావుడిలో ఎవరో నా జేబుల్లో ఎక్కువ బరువు పెట్టేశారు, నేనూ లెక్క చూసుకోలేదు. కిందికి వెళ్లగానే ఇసుకలో కూలబడ్డాను, లేచిన ఇసుక పక్కనున్న పగడాల మీద పడింది. కొజుమెల్ పగడపు దిబ్బలకి 2018 నుంచి పగడాల కణజాలాన్ని తినేసే జబ్బు పట్టుకుంది. 2019 అక్టోబర్‌లో పలంకార్, కొలంబియా లాంటి పేరున్న దిబ్బల్ని కొన్నాళ్లు మూసేశారు కూడా. అలాంటి చోట మన ఫిన్స్ (కాళ్లకి తొడిగే రెక్కలు) ఒక్క దెబ్బ తగిలినా, విరిగేది పెరగడానికి ఎన్నో ఏళ్లు పట్టిన పగడం. అందుకే రిఫ్రెషర్‌లో మిగతావన్నీ ముగిశాక ఇంకా సమయముంటే, ఆ సమయమంతా తేలడం మీదే పెట్టమని ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి.

చెవులు నొప్పి పెడితే?

నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. విమానం దిగేటప్పుడు చేసినట్టే ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి. నీళ్ల పైనే ఒకసారి, దిగుతూ ప్రతి రెండు మూడు అడుగులకి ఒకసారి. తెరుచుకోకపోతే కొంచెం పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి, గట్టిగా ఊదొద్దు. జలుబు ఉంటే డైవ్ మానేయండి. మాత్ర వేసుకుని దిగితే కింద ఉండగా దాని ప్రభావం తగ్గి, పైకి వచ్చేటప్పుడు చెవి బిగుసుకుపోవచ్చు. చెవిలో నూనె వేసుకోవడం, ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడం రెండూ వద్దు.

బీపీ, షుగర్ ఉన్నాయి. చేయనిస్తారా?

మెడికల్ ఫారంలో పది ప్రశ్నలుంటాయి. 45 దాటినవాళ్లకి బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం, దగ్గరి రక్తసంబంధీకుల్లో చిన్న వయసులో గుండెపోటు మరణాల గురించి విడిగా అడుగుతారు. వేటికి "అవును" అంటే డాక్టర్ సంతకం కావాలో ఆ ఫారంలోనే ఉంటుంది. మన ఇళ్లలో బీపీ, షుగర్ మాత్రలు వేసుకోని నలభై ఐదేళ్ల మనిషి అరుదు. అవి ఉన్నంత మాత్రాన డైవింగ్ ఆగిపోదు. అదుపులో ఉంటే చాలామందికి డాక్టర్లు ఒప్పుకుంటారు. కానీ ఆ సంతకం ఇంటి దగ్గరే, మీ గురించి తెలిసిన డాక్టర్ దగ్గర తీసుకోవాలి. ఓడ డాక్టర్ పెడతారని నమ్ముకోవద్దు. ఫారం నెట్‌లో దొరుకుతుంది, ప్రింట్ తీసుకుని నెల ముందు వెళ్లండి.

దయచేసి అన్నిటికీ "లేదు" అని రాసి దిగకండి. మనకోసం ఒడ్డున ఎదురుచూసేవాళ్లుంటారు.

ఓడలో కడుపులో తిప్పుతుంటే మాత్ర వేసుకుని డైవ్ చేయొచ్చా?

అవోమిన్ లాంటి మాత్రలు మత్తు తెస్తాయి. డైవ్‌కి ముందు ఏది వేసుకోవచ్చో డాక్టర్‌ని అడిగి, దాన్ని ఇంట్లో ఒకసారి వాడి చూడండి. కొత్త మాత్ర డైవ్ రోజే మొదలుపెట్టొద్దు. పెద్ద ఓడలో ఏమీ అనిపించనివాళ్లకి కూడా చిన్న డైవ్ పడవలో తిప్పుతుంది. నీళ్లలో ఉండగా వాంతి వస్తే రెగ్యులేటర్ తీయకుండా అందులోకే చేయొచ్చు, అది బయటికి పోతుంది. ముందు రాత్రి మద్యం వద్దు, నీళ్లు బాగా తాగండి.

కార్డు పోయింది. పేరు కూడా పాస్‌పోర్ట్‌లో వేరేగా ఉంది.

కార్డు పోయినా పర్వాలేదు, రికార్డు ఆన్‌లైన్‌లో ఉంటుంది, యాప్‌లో ఈకార్డు వస్తుంది. పేరే మన తెలుగువాళ్లకి తలనొప్పి. కోర్సు చేసినప్పుడు ఇంటిపేరుని ఒక్క అక్షరంగా రాసి ఉంటారు, పాస్‌పోర్ట్‌లో అది పూర్తిగా ఉంటుంది. అమెరికాలో ఏది ముందు, ఏది వెనక అన్నది తారుమారవుతుంది. డైవ్ షాపు వాళ్లు పేరు, పుట్టినరోజు కలిపి వెతుకుతారు, దొరకదు. ఇంటి దగ్గరుండగానే లాగిన్ అయి, అక్కడ ఏ పేరుందో స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో పెట్టుకోండి. నడి సముద్రంలో వైఫై మీద ఆధారపడొద్దు.

డైవ్ తొమ్మిదింటికి అన్నారు. ఎవరి తొమ్మిది?

ఇది చిన్న విషయంలా ఉంటుంది, దీనివల్లే చాలామంది డైవ్ పోగొట్టుకుంటారు. కొజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాదంతా ఒకే టైం పాటిస్తోంది, గడియారాలు మార్చదు. చలికాలంలో గాల్వెస్టన్ టైం మీద నడిచే ఓడలో ఎనిమిదైతే ఒడ్డున తొమ్మిది. ఎండాకాలంలో రెండూ ఒకటే. మయామీ టైం మీద నడిచే ఓడైతే ఎండాకాలంలో ఒడ్డు ఓ గంట వెనక ఉంటుంది. ఫోన్ దానంతటదే టైం మార్చుకుని ఇంకా గందరగోళం చేస్తుంది. ఓడ టైం పెట్టిన మామూలు చేతి గడియారం ఒకటి ఉంచుకోండి. తిరిగి ఎక్కడానికి ఓడ టైమే లెక్క. ఓడ ద్వారా బుక్ చేసిన డైవ్ ఆలస్యమైతే ఆ బాధ్యత వాళ్లు చూసుకుంటారు. బయట బుక్ చేసుకుంటే ఓడ ఆగదు.

డైవ్ చేశాక విమానం ఎప్పుడెక్కొచ్చు?

ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రెండూ అంతకంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. గోలీ సోడా గుర్తుందా? గోలీ లోపలికి నొక్కగానే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి నురగ పొంగుతుంది. డైవ్‌లో మన రక్తంలో, కండరాల్లో కలిసిన నత్రజని కూడా అంతే, విమానంలో ఒత్తిడి తగ్గితే బుడగలు కట్టొచ్చు. గాల్వెస్టన్ ట్రిప్‌లో చివరి రేవు తర్వాత సాధారణంగా ఒక సీ డే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఫ్లోరిడా నుంచి వెళ్లే ఓడల్లో చివరి రోజు బహమాస్ ఉండొచ్చు. అక్కడ సాయంత్రం నాలుగింటికి రెండో డైవ్ ముగించి, మర్నాడు పొద్దున తొమ్మిదింటి విమానం అంటే 17 గంటలే. విమానం మధ్యాహ్నానికి మార్చుకోండి.

డైవ్ చేసొచ్చిన వెంటనే వేడి టబ్‌లోకి, జిమ్‌లోకి పరిగెత్తొద్దు. రెండు గంటలు నీడన కూర్చోండి.

ఇన్సూరెన్స్ అవసరమా?

తీసుకోండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో స్కూబాని మినహాయించినవి చాలా ఉన్నాయి, చిన్న అక్షరాలు చదవాలి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ డైవర్ల కోసమే విడిగా ఇస్తుంది.

మా బాబుకి జూనియర్ కార్డు ఉంది. వాడు వస్తే?

పది, పదకొండేళ్ల పిల్లలు తల్లి లేదా తండ్రితో గానీ ఇన్‌స్ట్రక్టర్‌తో గానీ 12 మీటర్ల లోపే దిగాలి. అమ్మానాన్నలకీ డైవర్ కార్డు ఉండాలి. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు కార్డున్న పెద్దవాళ్లతో 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు. పిల్లాడితో దిగుతుంటే ముందు మీ రిఫ్రెషర్ ముగించుకోండి. వాడు మీ ముఖమే చూస్తుంటాడు.

కళ్లజోడు, మీసం?

పవర్ ఉన్న మాస్క్ దొరుకుతుంది, సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్‌తోనూ దిగొచ్చు. నీళ్లలో కళ్లు తెరవాల్సి వస్తే లెన్స్ పోవచ్చు, అదనంగా ఒక జత ఉంచుకోండి. మీసం ఉంటే మాస్క్‌లోకి కొంచెం నీళ్లు వస్తాయి. ముక్కు కింద సన్నగా కత్తిరించుకుంటే తగ్గుతుంది.

ఇండియాలో క్రూజ్ ఎక్కేవాళ్ల సంగతి?

2022లో కార్డీలియా ఓడ విశాఖ నుంచి క్రూజ్ ట్రిప్పులు నడిపినప్పుడు మా పిన్ని కొడుకు ఇదే అడిగాడు. రెండు మూడు రాత్రుల ట్రిప్‌లో రేవులో దొరికే కాసేపట్లో రిఫ్రెషర్ ఇరికించొద్దనే చెప్పాను. విశాఖలోనో పుదుచ్చేరిలోనో రెండు రోజులు విడిగా ఉండి చేసుకుంటే బాగుంటుంది. లక్షద్వీప్ వైపు వెళ్లే ఓడలైతే ప్రవేశ అనుమతి కూడా ముందే చూసుకోవాలి.

రిఫ్రెషర్ అయ్యాక మొదటి డైవ్ ఎక్కడ చేయాలి?

లోతు తక్కువున్న చోట. కొజుమెల్‌లో అయితే పారడైజ్ రీఫ్ అడగండి. ఓడలు ఆగే రేవులకి దగ్గర, లోతు పదిహేను మీటర్ల లోపే. అక్కడ నీళ్లు ఒక వైపుకి పారుతుంటాయి, మనం ఈదే పని తక్కువ, పడవ వెనకే వస్తుంది. ప్రవాహానికి ఎదురీదకండి, ఊపిరి లెక్క తప్పుతుంది. గాలి 100 బార్‌కి రాగానే గైడ్‌కి చూపించండి, 50 మిగిలుండగా పైకి రావాలి. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఇది మెరైన్ పార్క్, గ్లవ్స్ వేసుకోనివ్వరు, దేన్నీ తాకకూడదు.

గైడ్‌ని స్ప్లెండిడ్ టోడ్‌ఫిష్ చూపించమనండి. కొజుమెల్ చేప అనే పేరున్నది. పగడం గట్టు కింద చీకటి సందులో, ఇసుక మీద పొట్ట ఆనించి పడుకుని ఉంటుంది. తల మీద తెలుపు నలుపు చారలు, గడ్డం కింద కుచ్చులు, రెక్కల అంచులకి పచ్చటి పసుపు. అది బయటికి రాదు. మనమే తల కిందికి, కాళ్లు పైకి పెట్టి, గట్టుని ముట్టుకోకుండా, ఇసుక లేపకుండా ఆ సందు ముందు నిలవాలి. నేను రెండో డైవ్‌లో అలా నాలుగు ఊపిరుల సేపు నిలవగలిగాను.